ఏ ప్రయాణానికి ఏ కాగితం?

(మహిళల అక్షర కేంద్రంలో ఒక టీచరమ్మ చేసిన ప్రసంగం)

అమ్మలారా, అక్కలారా, చెల్లెళ్ళారా!

పొద్దంతా పనులు చేసుకుని, పొయ్యి మీద అన్నం దించి మరీ వచ్చారు. అందుకని ఎక్కువసేపు కూర్చోబెట్టను. కానీ ఈ రోజు చెప్పేది మాత్రం చెవిన పెట్టుకోండి. ఇది మన ప్రయాణాల సంగతి.

మొన్న మన కేంద్రానికి వచ్చే ఒక అత్తగారు రాజమండ్రి వెళ్ళడానికి బస్సెక్కారు. ఆడవాళ్ళకు బస్సు ఉచితం కదా అని చేతి సంచి ఒక్కటే పట్టుకుని బయలుదేరారు. కండక్టరు వచ్చి "కార్డు చూపించమ్మా" అన్నాడు. "నేను ఆడదాన్నని కనబడుతూనే ఉందిగా, ఇంకా కార్డెందుకయ్యా?" అన్నారు ఆవిడ. బస్సంతా నవ్వింది. కానీ ఆవిడ డబ్బులిచ్చి టిక్కెట్టు కొనాల్సి వచ్చింది.

ఈ అత్తగారికి పోయింది బస్సు చార్జీ ఒక్కటే. కాగితం సరిగ్గా చూసుకోక మా పిన్నికి పోయింది 14 నెలల జీవితం. ఆ సంగతి చివర చెబుతాను. ముందు దగ్గరి ప్రయాణంతో మొదలు పెడదాం.

బస్సుకు

ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ళకు ఉచిత బస్సు ప్రయాణం 2025 ఆగస్టు 15న మొదలైంది. దాని పేరు స్త్రీ శక్తి పథకం. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో ఇది చెల్లుతుంది. ఈ రాష్ట్రంలో ఉండేవాళ్ళకే ఇది వర్తిస్తుంది. అందుకే కండక్టరు కార్డు అడుగుతాడు. మనం ఆడవాళ్ళమా కాదా అని కాదు, మనం ఏ ఊరి వాళ్ళమో చూడడానికి. ఆధార్ కార్డు గానీ, ఓటరు కార్డు గానీ, రేషన్ కార్డు గానీ చూపించవచ్చు. చూపిస్తే జీరో టిక్కెట్టు ఇస్తాడు. ఆ టిక్కెట్టు పారేయకండి. చెకింగ్ వాళ్ళు ఎక్కితే చూపించాలి.

తెలంగాణలో ఇలాంటి పథకం 2023 డిసెంబరు 9న మొదలైంది. దాని పేరు మహాలక్ష్మి. అక్కడ తెలంగాణ చిరునామా ఉన్న కార్డు కావాలి. మన అమ్మాయిలు కొందరు పెళ్ళయ్యి హైదరాబాదు వెళ్ళారు. కానీ వాళ్ళ ఆధార్‌లో ఇంకా పుట్టింటి చిరునామాయే ఉంది. అలాంటి వాళ్ళు చిరునామా మార్పించుకోవాలి. చిరునామా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. పేరు మాత్రం రెండుసార్లే మారుస్తారు. పుట్టిన తేదీ ఒక్కసారే. కాబట్టి ఆధార్ కేంద్రంలో కంప్యూటరు ముందు కూర్చున్న అబ్బాయి "సరే కదమ్మా" అనగానే తలూపకండి. "ఉండు బాబూ, చదువుకోనీ" అనండి. ఒక్కొక్క అక్షరం చదవండి. మీకు ఇప్పుడు చదవడం వచ్చు.

రైలుకు

రైలులో రెండు రకాల టిక్కెట్లు ఉంటాయి. జనరల్ టిక్కెట్టుకు గుర్తింపు కార్డు అక్కరలేదు. రిజర్వేషను టిక్కెట్టుకు కావాలి.

ఒకే టిక్కెట్టు మీద నలుగురు వెళ్తుంటే, ఆ నలుగురిలో ఒక్కరైనా తమ అసలు కార్డు చూపించాలి. అసలు కార్డు అంటే జిరాక్సు కాదు. ఆధార్, ఓటరు కార్డు, పాన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు, ఫోటో అంటించిన జాతీయ బ్యాంకు పాస్‌బుక్కు, వీటిలో ఏదైనా చెల్లుతుంది. ఇంటర్నెట్‌లో తీసిన టిక్కెట్టు పట్టుకుని, ఎవరి దగ్గరా కార్డు లేకపోతే, టిక్కెట్టు లేనట్టే లెక్క కట్టి జరిమానా వేస్తారు. డబ్బు పెట్టి టిక్కెట్టు కొన్నా, దొంగ ప్రయాణం చేసినట్టే అవుతుంది.

ఇక్కడ ఒక మాట. మన ఇళ్ళల్లో కార్డులన్నీ ఒకే సంచిలో పెట్టి మగవాళ్ళ చేతికి ఇస్తాం. దారిలో టీ తాగడానికి ఆయన దిగుతాడు. రైలు కదులుతుంది. ఆయన పక్క పెట్టెలో ఎక్కుతాడు. ఇంతలో టి.సి. వచ్చి మనల్ని అడుగుతాడు. అందుకే ఎవరి కార్డు వాళ్ళ దగ్గరే ఉండాలి. రవిక లోపల పర్సు పెట్టుకుంటాం కదా, అందులో మన కార్డుకూ చోటుంటుంది.

ఆధార్‌ను ఫోనులో చూపించినా రైల్లో ఒప్పుకుంటారు, ఫోటో తీసినది కాదు, ప్రభుత్వం వాళ్ళ డిజిలాకర్‌లో ఉన్నది. కానీ ఫోనులో చార్జింగ్ అయిపోతే కార్డు కూడా అయిపోయినట్టే. చేతి కార్డు వెంట ఉంచుకోవడమే మంచిది.

విమానానికి

మన దేశంలోనే ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి విమానంలో వెళ్ళాలంటే పాస్‌పోర్టు అక్కరలేదు. ఆధార్ గానీ, ఓటరు కార్డు గానీ చాలు. కానీ విమానాశ్రయం గుమ్మం దగ్గరే పోలీసులు టిక్కెట్టునూ, కార్డునూ పక్కపక్కన పెట్టి చూస్తారు. రెండింటిలో పేరు ఒకటే ఉండాలి. ఇంట్లో పిలిచే పేరు టిక్కెట్టు మీద ఉండి, రాసే పేరు కార్డు మీద ఉంటే ఆపేస్తారు. అందుకని టిక్కెట్టు తీసేవాళ్ళకు పేరు నోటితో చెప్పకండి. కార్డు ముందు పెట్టి "ఇందులో ఎలా ఉందో అలాగే రాయండి" అనండి.

నేపాల్ యాత్రకు

ఇప్పుడు ఒక చిత్రమైన సంగతి చెబుతాను. మనవాళ్ళు కాశీ యాత్రకు వెళ్తారు. కొందరు అక్కణ్ణుంచి బస్సులో నేపాల్ వెళ్తారు. ఖాట్మండులో పశుపతినాథుణ్ణీ, ఆ పైన ముక్తినాథ్‌నూ చూసి వస్తారు. నేపాల్ వేరే దేశం. అయినా మనకు అక్కడికి వీసా అక్కరలేదు. పాస్‌పోర్టు లేకపోయినా ఫరవాలేదు. మరి ఏం కావాలి?

"ఆధార్" అంటున్నారు కదూ! కాదమ్మా. నేపాల్‌కు, భూటాన్‌కు వెళ్ళడానికి 15 ఏళ్ళు దాటి 65 ఏళ్ళ లోపు వాళ్ళకు ఆధార్ చెల్లదు. ఓటరు కార్డు చెల్లుతుంది. లేదా పాస్‌పోర్టు.

ఎందుకంటారా? ఆధార్ "ఈమె ఫలానా మనిషి" అని చెబుతుంది. "ఈమె భారతదేశ పౌరురాలు" అని చెప్పదు. ఆ మాట కార్డు మీదే రాసి ఉంటుంది, చూడండి. మన దేశంలో ఉంటున్న పరదేశీయులకు కూడా ఆధార్ ఇస్తారు. కానీ ఓటు హక్కు మన పౌరులకే ఉంటుంది. కాబట్టి సరిహద్దు దగ్గర ఓటరు కార్డుకు విలువ ఎక్కువ. ఎన్నికలప్పుడు తప్ప ఆ కార్డును మనం బయటికి తీయం. బియ్యం డబ్బా వెనక ఎక్కడో పడి ఉంటుంది. ఇవాళ ఇంటికి వెళ్ళి వెతకండి.

65 ఏళ్ళు దాటిన పెద్దవాళ్ళకూ, 15 ఏళ్ళ లోపు పిల్లలకూ ఆధార్ చెల్లుతుంది. అంటే ఒకే ఇంటి నుంచి అమ్మమ్మ, కూతురు, మనవరాలు యాత్రకు వెళ్తే, అమ్మమ్మకూ మనవరాలికీ ఆధార్ సరిపోతుంది. మధ్యలో ఉన్న కూతురికి మాత్రం ఓటరు కార్డో, పాస్‌పోర్టో కావాలి. ఏ ప్రయాణానికి ఏ కాగితమో ముందే అడగాలి అనేది ఇందుకే.

గల్ఫ్‌కు

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. మన కోనసీమలో గల్ఫ్‌కు వెళ్ళని ఇల్లున్న వీధి తక్కువ. కువైట్, దుబాయ్, మస్కట్, ఖతార్. మగవాళ్ళూ వెళ్తారు, ఆడవాళ్ళూ వెళ్తారు. ఇల్లు కట్టడానికి, అప్పు తీర్చడానికి, ఆడపిల్ల పెళ్ళి చేయడానికి వెళ్తారు. వెళ్ళొద్దు అని చెప్పడానికి నేనెవర్ని? వెళ్తే సరైన కాగితంతో వెళ్ళండి అని మాత్రం చెబుతాను.

మొదటిది పాస్‌పోర్టు. పెద్దవాళ్ళకు అది 10 ఏళ్ళు చెల్లుతుంది. మామూలు పాస్‌పోర్టుకు ప్రభుత్వ రుసుము 1500 రూపాయలు. దీనికి వేలకు వేలు అడిగే ఏజెంట్ల మాట నమ్మకండి. పెళ్ళి సర్టిఫికెట్ లేదని కంగారు పడకండి. 2016 డిసెంబరులో ఆ నియమం తీసేశారు. భర్త వదిలేసిన ఆడది భర్త పేరు రాయాల్సిన పని కూడా లేదు. అమ్మా నాన్నల్లో ఒకరి పేరు రాసినా చాలు.

దరఖాస్తులో వయసు మాత్రం నిజం రాయండి. ఏజెంట్లు వయసు పెంచి రాయిస్తారు. ఎందుకో చెబుతాను. 30 ఏళ్ళు నిండని ఆడవాళ్ళను గల్ఫ్ దేశాలకు ఇంటిపనికి పంపడానికి మన ప్రభుత్వం అనుమతి ఇవ్వదు. అందుకని 24 ఏళ్ళ పిల్లకు 31 అని రాయిస్తారు. వేలిముద్ర వేసేది ఆ పిల్ల. పట్టుబడితే నేరం ఆ పిల్ల మీదే పడుతుంది. తప్పుడు వివరాలతో పాస్‌పోర్టు తీసుకుంటే 2 ఏళ్ళ దాకా జైలు పడవచ్చు.

రెండోది పాస్‌పోర్టు మీద ముద్ర. పదో తరగతి పాసు కాని వాళ్ళ పాస్‌పోర్టు మీద ఇ.సి.ఆర్. అని వేస్తారు. అంటే, ఈ మనిషి ఉద్యోగం కోసం 18 దేశాల్లో దేనికి వెళ్ళాలన్నా ముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి అని అర్థం. గల్ఫ్ దేశాలన్నీ ఆ 18లో ఉన్నాయి. ఇది మనల్ని తక్కువ చేయడానికి వేసిన ముద్ర కాదు. మన కోసం పెట్టిన కాపలా. అనుమతి ఇచ్చే ముందు అధికారులు యజమాని ఎవరు, జీతం ఎంత, ఒప్పందం ఉందా లేదా అని చూస్తారు. ఆ అధికారిని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అంటారు. హైదరాబాదులో ఆ ఆఫీసు ఉంది. ఈ దారిలో వెళ్ళేవాళ్ళకు 10 లక్షల రూపాయల బీమా కూడా ఉంటుంది. రెండేళ్ళకు దాని రుసుము 275 రూపాయలే.

ఇంకో మాట. ఇ.సి.ఆర్. ముద్ర ఉన్న ఆడవాళ్ళను ప్రైవేటు ఏజెంట్లు పంపకూడదని, ప్రభుత్వ సంస్థలే పంపాలని 2016లో కేంద్ర ప్రభుత్వం నియమం పెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ అనేవి అలాంటి సంస్థలు. కాబట్టి "అంతా నేను చూసుకుంటానమ్మా" అని ఇంటికొచ్చే ఏజెంటును అక్కడే ఆపండి.

మూడోది వీసా. ఇదే అన్నిటికన్నా ముఖ్యం. వీసాల్లో రకాలున్నాయి. చూసి రావడానికి ఇచ్చే వీసా వేరు, పని చేయడానికి ఇచ్చే వీసా వేరు. చూసి రావడానికి ఇచ్చేదాన్ని విజిట్ వీసా అంటారు, టూరిస్ట్ వీసా అంటారు. దాని మీద వెళ్ళేవాళ్ళకు ప్రభుత్వ అనుమతి అడగరు. చుట్టాన్ని చూసి తిరిగి వచ్చేస్తారు కదా అని వదిలేస్తారు. మోసగాళ్ళు దూరేది సరిగ్గా ఈ సందులోనే. ఇక మా పిన్ని కథ వినండి.

మా పిన్ని కథ

2017లో మా పిన్ని గల్ఫ్‌కు బయలుదేరింది. అప్పుడు ఆమెకు 33 ఏళ్ళు. బాబాయి పోయాడు. ఇద్దరు పిల్లలు. పిన్నికి సంతకం కూడా రాదు. ఒక ఏజెంటు వచ్చి "కువైట్‌లో మంచి ఇల్లు, నెలకు 25 వేలు" అన్నాడు. పుస్తెలు తాకట్టు పెట్టి డబ్బు కట్టింది.

శంషాబాద్ విమానాశ్రయం బయట ఒక కవరు చేతిలో పెట్టాడు. "ఎవరైనా అడిగితే చుట్టాల ఇంటికి వెళ్తున్నానని చెప్పు" అన్నాడు. పిన్ని అలాగే చెప్పింది. లోపల రానూ పోనూ టిక్కెట్టు ఉంది. విజిట్ వీసా ఉంది. దిగిన ఊరు కువైట్ కూడా కాదు, మస్కట్. ఇవన్నీ ఆ కాగితాల మీద రాసే ఉన్నాయి. ఎవరూ దాచలేదు. కవరు పిన్ని చేతిలోనే ఉంది. చదవడమే రాదు.

అక్కడ దిగగానే పాస్‌పోర్టు తీసుకున్నారు. తిరుగు టిక్కెట్టు అప్పటికే రద్దయిపోయింది. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పంపారు. జీతం కొన్ని నెలలు సగం ఇచ్చారు, కొన్ని నెలలు అసలే ఇవ్వలేదు. వీసా గడువు తీరిపోయింది. ఇక పోలీసుల దగ్గరికి వెళ్ళాలన్నా భయమే. ఎందుకంటే కాగితం ప్రకారం తప్పు చేసింది పిన్నే.

ఒక రాత్రి పక్కింటి డ్రైవరు ఫోను అడిగి మా అమ్మకు చేసింది. ఏడుపు తప్ప మాట రాలేదు. అప్పుడు నేను టీచరు ట్రైనింగ్ చదువుతున్నాను. మర్నాడు ఒక తెలిసిన మాస్టారి సాయంతో మస్కట్‌లోని మన రాయబార కార్యాలయానికి ఫోను చేశాం. వాళ్ళు అడిగిన మొదటి మాట, "పాస్‌పోర్టు నంబరు ఎంత?"

అమ్మ లేచి లోపలికి వెళ్ళింది. రేషన్ కార్డు పెట్టే రేకు పెట్టె తెచ్చింది. అడుగున పిన్ని పాస్‌పోర్టు జిరాక్సు ఉంది. పాస్‌పోర్టు ఇంటికి వచ్చిన రోజునే అమ్మ రెండు రూపాయలు పెట్టి తీయించిందట. "ఎందుకక్కా దండగ?" అని పిన్ని నవ్విందట. ఆ కాగితం చూసి నేను నంబరు చదివి చెప్పాను. చదువుతుంటే నా గొంతు వణికింది.

ఆ నంబరుతో వాళ్ళు పిన్ని వివరాలు సరిచూశారు. పిన్ని ఎలాగో బయటపడి రాయబార కార్యాలయం చేరింది. పాస్‌పోర్టు పోయినవాళ్ళకు ఇంటికి తిరిగి రావడానికి మాత్రమే పనికొచ్చే కాగితం ఒకటి ఇస్తారు. గల్ఫ్‌లో మనవాళ్ళు దాన్ని ఔట్‌పాస్ అంటారు. దాని మీద పిన్ని ఇంటికి వచ్చింది. 14 నెలలకు ఒక చేతి సంచితో వచ్చింది. పుస్తెలు విడిపించడానికి ఇంకో మూడేళ్ళు పట్టింది.

ఈ కథ పిన్నిని అడిగే చెప్పాను. "చెప్పవే, నా పేరు చెప్పకపోతే చాలు, ఇంకొకరికి అలా కాకూడదు" అంది.

గుర్తు పెట్టుకోవలసినవి

అందుకని ఇవి గుర్తు పెట్టుకోండి.

వీసా కాగితం ప్రయాణం రోజున కాదు, ముందే చేతికి రావాలి. ఇంగ్లీషు చదవగలిగిన ఇద్దరికి విడివిడిగా చూపించండి. ఏ దేశం? ఏ పని? ఎన్ని రోజులు? ఈ మూడూ అడగండి. విజిట్, టూరిస్ట్ అనే మాటలు ఇంగ్లీషులో ఎలా ఉంటాయో ఇప్పుడు నల్లబల్ల మీద రాస్తాను. బొమ్మలాగా గుర్తు పెట్టుకోండి. అవి కనిపిస్తే పనికి వెళ్ళకండి.

"ఇలా అబద్ధం చెప్పు" అని ఎవరైనా నేర్పితే, అక్కడే ఆగిపోండి. సరైన కాగితం ఉన్నవాళ్ళకు అబద్ధంతో పనేముంది?

పాస్‌పోర్టు భారత ప్రభుత్వ ఆస్తి. మన పేరు మీద మనకు ఇచ్చినది. ఏజెంటు దగ్గర తాకట్టు పెట్టే వస్తువు కాదు. కువైట్‌లో 2015లో ఇంటిపని చేసేవాళ్ళ కోసం ఒక చట్టం చేశారు. దాని ప్రకారం మనం ఒప్పుకోకుండా యజమాని మన పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోకూడదు. వారానికి ఒక రోజు సెలవు కూడా ఇవ్వాలి.

పాస్‌పోర్టుకు, వీసాకు, ఒప్పందానికి జిరాక్సులు తీయండి. ఒకటి ఇంట్లో, ఒకటి పెట్టెలో పెట్టండి. అసలు కాగితం ఒంటి మీద ఉండాలి. పాస్‌పోర్టు నంబరు నోటికి రావాలి. దేవుడి శ్లోకంలాగా వల్లె వేయండి.

వెళ్ళే ముందు అనుమానం వస్తే 1800 11 3090 కు ఫోను చేయండి. ఇది విదేశాలకు పనికి వెళ్ళేవాళ్ళ కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన నంబరు. డబ్బులు పడవు. ఆధార్ సంగతులకు 1947.

అమ్మలారా! మా పిన్ని ఇప్పుడు మన కేంద్రానికే వస్తోంది. పేరు చెప్పను, మీలోనే కూర్చుంది. పోయిన నెల తన ఆధార్ కార్డు తెచ్చి వేలు పెట్టి చదివింది. చదివి, "ఏమే, నేను పుట్టిన సంవత్సరం తప్పు రాశారే!" అంది. నిజమే, తప్పే ఉంది. అన్నేళ్ళుగా ఇంట్లో చదువుకున్న వాళ్ళం ఎవరం చూడలేదు. పిన్నే పట్టుకుంది. ఆధార్ కేంద్రానికి వెళ్ళి తనే దిద్దించుకుని వచ్చింది.

రేపు వచ్చేటప్పుడు మీ కార్డులన్నీ తెచ్చుకోండి. పలక పక్కన పెట్టి చదువుదాం. పేరు, తండ్రి పేరో భర్త పేరో, పుట్టిన తేదీ, ఊరు. అన్ని కార్డుల్లోనూ ఒకేలాగా ఉన్నాయో లేదో చూద్దాం.

ఇక ఇళ్ళకు వెళ్దాం. పిల్లలు ఎదురు చూస్తుంటారు.

చదివి చెప్పండి

1. బస్సులో జీరో టిక్కెట్టుకు ఏయే కార్డులు చూపించవచ్చు?
2. మీకు 40 ఏళ్ళు. నేపాల్ వెళ్ళాలి. ఏ కార్డు తీసుకువెళ్తారు? ఎందుకు?
3. విజిట్ వీసా మీద పనికి వెళ్తే ఏమవుతుంది?
4. జిరాక్సు ఇంట్లో ఎందుకు పెట్టాలి?
5. మీ ఓటరు కార్డు మీద మీ పేరు ఎలా రాసి ఉంది? చూసి పలక మీద రాయండి.